తోడుగా ఒక బర్రె

నిర్మల్‌లో కాపురం ఉన్నందుకు ఒక పన్ను కట్టాలి. మున్సిపాలిటీకి కట్టేది కాదు, బంధువులకి కట్టేది. ఎవరింట గృహప్రవేశమైనా, ఎవరి పిల్లకి పెళ్ళి కుదిరినా, ఎవరి ఆఫీసరుకి బదిలీ అయినా నాకు ఫోన్ వస్తుంది. "వదినా, నెమళ్ళున్న పటం ఒకటి..." "అక్కా, ఆ చెక్కపండ్లుంటాయి చూడు, సీతాఫలం అచ్చం సీతాఫలంలా ఉంటుందే, అవి ఒక బుట్టెడు..." ఇరవై నాలుగేళ్ళుగా నేను కొని పంపిన సీతాఫలాలన్నీ ఒకచోట పోస్తే బండెడు అవుతాయి. నేను నవలలు రాస్తానని తెలిసినవాళ్ళకంటే బొమ్మలు కొని పంపిస్తానని తెలిసినవాళ్ళే ఎక్కువ. అందుకు నాకేం బాధ లేదు. నవలలకి వంక పెట్టినవాళ్ళున్నారుగాని సీతాఫలాలకి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

అలాంటి నాకు ఈ ఏడు ఒక్క బొమ్మ ఎంచి పంపడానికి నెలన్నర పట్టింది. అది మా అమ్మాయి కోసం. కచ్చితంగా చెప్పాలంటే మా అమ్మాయి కోసం కూడా కాదు, మా అమ్మాయి ఒక ఆటలో వేసే వేషం కోసం.

మా అమ్మాయి అమెరికాలో టెక్సస్‌లో ఎం.ఎస్. చదువుతోంది. శనివారం రాత్రి నలుగురైదుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ చేరి ఆడే ఆట ఇది. పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో పుట్టింది. గారీ గైగాక్స్ అని ఒకాయన ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం పోయి, చెప్పుల రిపేరు చేసుకుంటూ, డేవ్ ఆర్నెసన్ అనే మిత్రుడితో కలిసి తయారుచేశాడట. మన పచ్చీసుకిలాగా గళ్ళ గుడ్డ అక్కర్లేదు. వైకుంఠపాళిలాగా నిచ్చెనలూ పాములూ లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషవుతారు. "మీరు అడవిలో నడుస్తున్నారు, ఎదురుగా ఏరు, ఏం చేస్తారు?" అని కథ చెప్పే మనిషి అడిగితే, ఎవరి మనిషి తరఫున వాళ్ళు జవాబు చెప్పాలి. అనుకున్నది జరిగిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంటుంది.

ఈ వర్ణన వినగానే నాకు కొంచెం అసూయ కలిగింది. ఏళ్ళ తరబడి పాత్రల్ని నడిపిస్తున్నాను గాని ఒక్క పాత్రయినా బల్లకి అటువైపు కూర్చుని "నేనా ఏరు దాటను, ఏం చేస్తావో చేసుకో" అనలేదు. అనుంటే నా నవలలు ఇంకాస్త బాగుండేవేమో!

ఈ ఆటలో మా అమ్మాయి డ్రూయిడ్. ఒకప్పుడు ఐరోపాలో కెల్టు జాతులకి పూజారులుగా ఉండేవాళ్ళు డ్రూయిడ్‌లు. జూలియస్ సీజరు కూడా వాళ్ళ గురించి రాశాడు. ఆటలోకి వచ్చేసరికి డ్రూయిడ్ అంటే అడవిని కాపాడే మనిషి. ఇనప కవచం తొడగకూడదు. చెట్టూ పుట్టా చెప్పేది వినగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన ఒక జంతువు తోడుండాలి. ఆ తోడుకి జీతం లేదు, గొలుసు లేదు. ఇష్టపడి వస్తుంది, ఇష్టపడి ఉంటుంది. మా ఇంట్లో పనిమనుషుల చరిత్ర తెలిసినదాన్ని కనక ఈ భాగం నాకు బొత్తిగా నమ్మశక్యంగా లేదు.

ఈ ఆటకి కొత్త కొత్త నిబంధనల పుస్తకాలు వస్తూ ఉంటాయి. 2014లో వచ్చిన పుస్తకంలో డ్రూయిడ్‌కి ఈ జంతువు తోడు తీసేశారు. డ్రూయిడ్ తానే జంతువుగా మారితే చాలునన్నారు. మా అమ్మాయి బృందంలో ఒక అబ్బాయి దగ్గర వాళ్ళన్నయ్య వాడిన 2003 నాటి పుస్తకాలున్నాయి. వీళ్ళు వాటితోనే ఆడతారు. అందులో తోడు జంతువుల పట్టిక ఒకటుంది. నేనూ తెప్పించుకుని చూశాను. ఆట మొదలుపెట్టిన డ్రూయిడ్ కుక్కనో, తోడేలునో, గుర్రాన్నో, ఒంటెనో, గద్దనో, గుడ్లగూబనో, పామునో ఎంచుకోవచ్చు. ఆడుతూ ఆడుతూ నాలుగో మెట్టుకి చేరితే ఎలుగుబంటి, చిరుత, అడవిపంది, మొసలి. పులి కావాలంటే ఏడో మెట్టు దాకా ఆగాలి. ఏనుగుకి పదమూడు. మన సంబంధాల పేరయ్యలు కూడా ఇంత కచ్చితంగా అంతస్తులు చూడరు.

ఆ డ్రూయిడ్ పొరపాటున మా ఆదిలాబాదు అడవుల్లోకి గనక వస్తే మొదటి చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో ఎలుగుబంటిని ఆడించేవాళ్ళ బతుకే మారిపోయింది. జోస్యం చెప్పే రామచిలకని పంజరంలో పెట్టుకున్నా తప్పే. చిరుతని వెంటేసుకుని "ఇది నా తోడండీ, ఇష్టపడి వచ్చింది" అంటే ఫారెస్టు వాళ్ళు వింటారా?

అయినా తోడు జంతువుని ఎంచుకోవడం మనవాళ్ళకి కొత్త గనకనా! మా జిల్లాలోనే బాసరలో వెలసిన సరస్వతమ్మకి హంస. కుమారస్వామికి నెమలి, దుర్గమ్మకి సింహం, శనీశ్వరుడికి కాకి. వినాయకుడి సంగతి చూడండి, ఆ పొట్టకీ ఆ ఎలుకకీ ఏ పట్టికలోనైనా పొత్తు కుదురుతుందా? ఏ మెట్టు చూసి ఇచ్చారో ఇచ్చారు, యుగాలుగా నడుస్తోంది. తోడు అంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం ధర్మరాజు వెంట నడిచిన కుక్క. మహాప్రస్థానంలో భార్య పడిపోయింది, తమ్ముళ్ళు ఒక్కొక్కరూ పడిపోయారు, ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. స్వర్గం గుమ్మం దగ్గర కుక్కని వదిలేసి రమ్మంటే మాత్రం రానన్నాడు. చిన్నప్పుడు ఆ కథ వింటూ, ద్రౌపది దగ్గర ఆగనివాడు కుక్క దగ్గర ఆగాడేమిటని మా అమ్మమ్మతో పోట్లాడాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయితే చివరిదాకా నడిచివచ్చింది అదొక్కటే కదా అన్న మాట కూడా ఇప్పుడు తోస్తూ ఉంటుంది.

ఇక జంతువుగా మారడం అంటారా, దానికీ మేం దూరం పోనక్కర్లేదు. దీపావళి రోజుల్లో గోండుల దండారి చూడాలి. నెమలిపింఛాల కిరీటం తలకెత్తుకుని, ఒంటికి రంగులు పూసుకుని గుస్సాడీలు అడుగు వేస్తుంటే, నిన్న సంతలో మనతో బేరమాడిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది. ఆ కిరీటం తలమీద ఉన్నంతసేపూ అతనిక పొరుగింటి మనిషి కాదు, దేవుడి మనిషి. మార్లవాయి కనక రాజుగారికి ఈ గుస్సాడీ నృత్యానికే 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయారు. మా అమ్మాయికి ఇదంతా ఫోనులో చెబితే, "అమ్మా, మా వాళ్ళకి గిది జెప్పాలె, ఆళ్ళు ఏందో కొత్తగ కనిపెట్టినం అనుకుంటున్రు" అంది.

మా అమ్మాయి డ్రూయిడ్‌కి మొదట తోడేలు ఉండేది. ఏడు నెలలపాటు ఉంది. ఒక శనివారం పాచిక అడ్డం తిరిగింది, కథలో తోడేలు చచ్చిపోయింది. ఆదివారం పొద్దున్న మాకు ఫోన్ చేసి ఆ పిల్ల ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, వెక్కి వెక్కి, మాట తెగిపోయేటట్లు. మావారు కంగారుపడి "ఏమైంది, ఎవరన్న ఏమన్న అన్నరా, పైసలు పోయినయా?" అని నా చేతిలో ఫోన్ లాక్కున్నారు. తోడేలు చచ్చిపోయింది బాపూ అంటే ఆయనకి ఏం అర్థం కావాలి!

నాకు అర్థమైంది. ఎందుకంటే కిందటి ఏడు మృగశిర కార్తె ముందు మా అత్తమ్మ పోయింది. ఈ పిల్లని పురిటిగుడ్డప్పట్నుంచి పెంచింది ఆమే. నేను కాగితాలు నలుపు చేసుకుంటుంటే బువ్వ తినిపించిందీ, జడలేసిందీ, బడిదాకా దిగబెట్టిందీ అంతా ఆమే. అప్పుడు అమ్మాయికి పరీక్షలు, పైగా వీసా గొడవ. వస్తే మళ్ళీ వెనక్కి పోగలుగుతుందో లేదో తెలియదు. రాలేకపోయింది. ఫోనులోనే అంతా చూసింది. అంతసేపూ కన్ను చెమర్చలేదు. "బాపమ్మ బర్రెను ఇప్పుడు ఎవరు చూస్తున్రు?" అని ఒక్కమాట అడిగి ఊరుకుంది. తర్వాత నేనెంత కదిలించినా "మంచిగనే ఉన్న అమ్మా" అనేది. మంచిగా ఉన్నానని రోజూ చెప్పేవాళ్ళంటే నాకు భయం. నా నవలల్లో అలాంటి మనుషుల్ని నేను చాలామందిని రాశాను.

ఏడాది ఆగి, పాచికలతో పుట్టిన తోడేలు పేరుమీద ఆ ఏడుపు వచ్చింది. రానీ అనుకున్నాను. మావారి చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ తోడేలు ఎలా ఉండేదో చెప్పమన్నాను. గంటసేపు చెప్పింది.

చచ్చిపోయిన తోడుకి బదులు కొత్తది కావాలంటే ఆ పుస్తకంలో ఒక పద్ధతి రాసి ఉంది. డ్రూయిడ్ ఇరవై నాలుగు గంటలు ఆగకుండా ప్రార్థన చేస్తే మరో జంతువు వచ్చి చేరుతుందట. స్నేహితులందరూ "ఆ ప్రార్థన అయిపోయిందనుకుందాం, వచ్చేవారం కొత్తది తెచ్చుకో" అన్నారు. మంచి పిల్లలే. ఆట ఆగకూడదని వాళ్ళ తాపత్రయం. మా పిల్ల ఒప్పుకోలేదు. "మా ఇండ్లల్ల పదకొండు దినాలన్న పడ్తరు, ఒక్క రోజు ఎట్ల సరిపోతది?" అందట. మూడు వారాలు ఆమె డ్రూయిడ్ ఆ అడవిలో ఒక్కతే నడిచింది. ఆ తర్వాత నన్ను అడిగింది: "అమ్మా, నువ్వే ఒకటి చూసి పంపరాదూ. జెల్ది సచ్చిపోనిది. నిర్మల్ బొమ్మ ఐతే బల్లమీద పెట్టుకుంట."

ఇదీ నాకు అప్పజెప్పిన పని. మీరైతే ఏం ఎంచేవారు?

ముందుగా నా మనసు పులిమీదికి పోయింది. పరాయిదేశంలో ఒంటరిగా ఉన్న ఆడపిల్లకి తల్లి ఏ జంతువుని తోడిస్తుంది? పులినే కదా! కాని పట్టిక చూస్తే ఏడో మెట్టు. మా అమ్మాయి అయిదో మెట్టు మీద ఉంది. అదీగాక మా వైపు పులుల సంగతి తెలిసినవాళ్ళకి పులి తోడు అనే మాట నోట రాదు. 2012లో కవాల్ అడవిని పులుల అభయారణ్యం చేశారు గాని, ఇక్కడికి వచ్చే పులులు ఎక్కువగా మహారాష్ట్రలోంచి నదులు దాటి వచ్చేవే. 2024 అక్టోబరు, నవంబరుల్లో జానీ అని పేరుపెట్టిన ఒక మగపులి కిన్వట్ వైపు నుంచి ఇటు దిగి, బోథ్ మీదుగా మా జిల్లాలోని కుంటాల, సారంగాపూర్, మామడ అడవులన్నీ తిరిగింది. వందల కిలోమీటర్లు నడిచింది. పశువుల్ని కొట్టింది, జనాన్ని హడలగొట్టింది. ఇంతా చేసి ఎందుకొచ్చిందయ్యా అంటే, ఆడపులి తోడు వెతుక్కుంటూ వచ్చిందని ఫారెస్టు వాళ్ళు చెప్పారు. తోడు లేక ఊళ్ళు పట్టుకు తిరిగేదాన్ని నా పిల్లకి తోడుగా ఎలా పంపను?

కుక్క అనుకున్నాను, ధర్మరాజు గుర్తొచ్చి. ఆ కథ స్వర్గం గుమ్మం దగ్గర ముగుస్తుందన్న సంగతి వెంటనే గుర్తొచ్చి మానుకున్నాను. పాము అంటే కేస్లాపూర్ నాగోబా కళ్ళముందు మెదిలాడు. మెస్రం వంశం వాళ్ళు పుష్య అమావాస్యనాడు అంత నిష్ఠగా కొలిచే దేవుణ్ణి బల్లమీద పాచికల మధ్య పెట్టడానికి నాకు చేతులు రాలేదు. ఏనుగు అందం, కాని పదమూడో మెట్టు. ఆ పిల్ల చదువైనా అయిపోతుంది గాని పదమూడో మెట్టు ఎక్కదు.

ఇలా వారాలు గడుస్తున్నాయి. ఒకనాడు సాయంత్రం పక్క వీధిలోంచి పోతుంటే లచ్చి కనిపించింది. లచ్చి మా అత్తమ్మ బర్రె. (గేదె అనే అలవాటున్నవాళ్ళు గేదె అనుకోండి.) అత్తమ్మ పోయాక ఆ వీధివాళ్ళే సాకుతున్నారు. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు. దానికి నేనంటే మొదట్నుంచీ లెక్కలేదు. ఎప్పుడైనా అత్తమ్మకి జ్వరమొస్తే, ఆమె పాత చీర చుట్టుకుని, నోరెత్తకుండా కూర్చుంటే తప్ప నాకు పాలు ఇచ్చేది కాదు. చీర నాది కనక అయిందా, తోకతో ముఖంమీద ఒక్కటిచ్చేది.

మా అమ్మాయి దగ్గర మాత్రం ఈ బింకం లేదు. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు బర్రె వెంట చెరువుకి పోయి, పొద్దుగూకినా ఇంటికి రాలేదు. మేం లాంతరు తీసుకుని పరుగెత్తాం. గట్టుమీద పిల్ల నిద్రపోతోంది. బర్రె నీళ్ళలోంచి లేచివచ్చి ఒడ్డున నిలబడి ఉంది. వీధికుక్కలు నాలుగు దూరంగా తిరుగుతున్నాయి. దగ్గరికి రానివ్వలేదు. అత్తమ్మ వచ్చి కొమ్ముమీద చెయ్యి వేసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

బర్రె అంటే మొద్దు అని మనం తిట్టుకింద వాడేస్తాం. పశువుల్ని అడవికి తోలుకుపోయే వాళ్ళని అడగండి. పులి వాసన తగిలితే ఆవులమంద చెల్లాచెదురైపోతుంది. బర్రెలు అలా కాదు, దగ్గర దగ్గరికి చేరి, కొమ్ములు ముందుకు పెట్టి నిలబడతాయి. కాపరిని కూడా వెనకేసుకుని నిలబడతాయి.

ఆ రాత్రే పట్టిక మళ్ళీ తెరిచాను. బర్రె లేదు. ఎందుకుంటుంది, రాసింది అమెరికావాళ్ళు! కాని నాలుగో మెట్టు వరసలో బైసన్ అని ఉంది. అంటే వాళ్ళ దేశపు అడవిదున్న. అమ్మాయికి ఫోన్ చేసి "లచ్చిని పంపిస్తా" అన్నాను. అటునుంచి చాలాసేపు మాటలేదు. తర్వాత "నిలవడి ఉన్నది పంపు అమ్మా, కూసున్నది వద్దు" అంది.

బొమ్మల దగ్గరికి పోయాను. అక్కడొక పెద్దాయన, నలభై ఏళ్ళుగా ఇదే పని. "ఏనుగులున్నయ్, జింకలున్నయ్, చిలుకలున్నయ్. బర్రెనెవరు అడుగుతరమ్మా!" అని నవ్వాడు. చేసిపెడతానన్నాడు మాత్రం. నిర్మల్ బొమ్మ పొణికి చెక్కతో చేస్తారు. తెల్లగా, తేలిగ్గా, వెన్నలా తెగుతుంది. ఒళ్ళు వేరు, కాళ్ళు వేరు, కొమ్ములు వేరు చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, అతుకులమీద అదే జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద మెత్తి, అరగదీసి రంగు వేస్తారు. 2009లో ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చిందిగాని చెక్క రావడం కష్టమైపోయింది. ఒకప్పుడు దగ్గర అడవుల్లోనే దొరికే పొణికికి ఇప్పుడు ఎంత దూరమైనా పోవాల్సివస్తోందని పెద్దాయన చెప్పాడు. ఇది విని మా అమ్మాయి ఫోనులోనే తగువు పెట్టుకుంది: "డ్రూయిడ్ అడవిని కాపాడాలె గద, చెట్టు కొట్టి చేసిన తోడు ఎట్ల పెట్టుకోవాలె?" నేను ఆ మాట పెద్దాయనకి చేరవేశాను. ఆయన ఉలి పక్కన పెట్టి, "చెట్టు పెట్టెటోళ్ళు పెడితే కొట్టెటోళ్ళకు పాపం అంటదమ్మా. మాకు పెట్టనీకి జాగ ఏది?" అన్నాడు. దీనికి పుస్తకంలో ఏ నిబంధనా లేదు.

లచ్చి ఫోటో చూపించాను. కొమ్ములు ఎడమది కాస్త కిందికి వాలి ఉంటుందని చెప్పాను. "అంతా నలుపేస్తే మొఖం కనవడది. కండ్ల కింద జెర గోధుమరంగు వేస్త" అన్నాడు. వారం తర్వాత పోతే బల్లమీద నిలబడి ఉంది. ఏనుగు ధరే తీసుకున్నాడు. హైదరాబాదు నుంచి పోతున్న మా ఎదురింటివాళ్ళ అబ్బాయి, పచ్చళ్ళ డబ్బాల మధ్య చీరముక్కలో చుట్టి తీసుకుపోయాడు. ఆ చీరముక్క అత్తమ్మదే, చెప్పక్కర్లేదనుకుంటాను.

బల్లమీద మిగతావాళ్ళ బొమ్మలన్నీ బొటనవేలంత ప్లాస్టిక్‌వి. వాటి మధ్య లచ్చి కొండలా ఉందట. "ఇదేం బైసన్?" అని నిబంధనలు బాగా తెలిసిన కుర్రాడు ఒకడు అడ్డం తిరిగాడు. మా అమ్మాయి పులికి బర్రెలు ఎదురునిలిచే వైనం అరగంట చెప్పిందట. బైసన్ లెక్కలే బర్రెకీ అని తీర్మానం చేశారు. ఆ పట్టిక ప్రకారం దానికి ఆరు పనులు నేర్పవచ్చు, రమ్మంటే రావడం, ఆగమంటే ఆగడం, కాపలా కాయడం, ఇలాంటివి. లచ్చికి రమ్మంటే రావడమా! ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆగడం మాత్రం దానికి నేర్పక్కర్లేదు.

మొదటి శనివారమే కథలో ఏరు వచ్చింది. అవతలి ఒడ్డున శత్రువులు. అందరూ దాటారు. బర్రెని రమ్మని మా అమ్మాయి పాచిక వేస్తే రెండు పడింది. బర్రె ఏటి నడుమ కూర్చుంది. మళ్ళీ వేస్తే నాలుగు. లేవలేదు. కథ చెప్పే అమ్మాయి తలపట్టుకుందట. చివరికి శత్రువులే విసుగెత్తి ఈవలి ఒడ్డుకి రాబోయి నీళ్ళలో పడ్డారట. చెబుతూ చెబుతూ మా అమ్మాయి ఒకటే నవ్వు. "అవ్ మరి, బాపమ్మ బర్రె గట్లనే ఉంటది గద! బాపమ్మ ఉంటే చెవి పట్టుకొని లేపుతుండె" అంది. తర్వాత బాపమ్మ గురించి ఇంకా చాలా మాట్లాడింది. పోయిన రోజు ఎవరెవరు వచ్చారో, చివరి నాలుగు రోజులు ఆమె ఏం తిన్నదో, తన పేరు తీసిందో లేదో, ఏడాదిగా అడగనివన్నీ అడిగింది. చెప్పాను. మధ్యలో రెండుసార్లు నేనే ఆగిపోయాను.

ఇప్పుడు వారం వారం నాకు కొత్త కొలువు. బర్రె ఎంతసేపు నీళ్ళలో ఉంటుంది, ఎండకి ఎందుకు తాళలేదు, దున్నపోతు యముడి వాహనం కదా బర్రెకీ ఆ హోదా వర్తిస్తుందా అని ప్రశ్నలమీద ప్రశ్నలు. వర్తించదని గట్టిగా చెప్పాను. నిన్న మాత్రం చిక్కులో పడేసింది. వచ్చే శనివారం అడవిలో బర్రెకి కుడితి పెడతారట. అందులో ఏమేం వేస్తారో, ఎలా కలుపుతారో ఇంగ్లీషులో రాసి పంపమంది. తవుడుకి మాట దొరికింది, తెలగపిండికీ ఏదో ఒకటి దొరికింది. బియ్యం కడిగిన నీళ్ళు, నిన్నటి అన్నం, గంజి, తొక్కలు అన్నీ రాశాను. ఇవన్నీ కలిపి, మోచేతిదాకా చెయ్యిపెట్టి కలియబెట్టి, "రాయే లచ్చీ" అని పిలిచేదానికి ఇంగ్లీషులో ఏమంటారో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.